ఏరేటర్లు ఆపి వోల్టేజీ చూస్తే ఏం తెలుస్తుంది?

రొయ్యల గుంట నీళ్లలో చక్రం తిప్పి గాలి కలిపే ఏరేటర్ మోటారు కాలిందంటే ముందు తిట్లు మోటారుకి, తర్వాత వైండింగ్ కట్టినాయనకి. గట్టు వెంట మూడొందల మీటర్లు పరిచిన వైరు వంక ఎవరూ చూడరు. నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఉప్పుగాలి తగిలే గుంటల్లో ముందు అనుమానించాల్సింది దాన్నే.

మన మాటలోనే ఒక చిక్కుంది. "కరెంటు తక్కువొస్తా ఉంది" అంటే వోల్టేజీ తక్కువని, "కరెంటు పోయింది" అంటే సప్లయి లేదని. లెక్కల్లో మాత్రం కరెంటంటే యాంప్స్ ఒక్కటే. వోల్టుల్ని యాంప్స్‌తో భాగిస్తే ఓమ్స్, గుణిస్తే వాట్లు. హీటరుకి ఈ రెండూ చాలు. 230 వోల్టుల మీద 1000 వాట్ల హీటరు 4.35 యాంప్స్ లాగుతుంది, అంటే 53 ఓమ్స్. వోల్టేజీ 180కి దిగితే అది సుమారు 610 వాట్లే ఇస్తుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

మోటారు అలా ఊరుకోదు. వోల్టేజీ తగ్గితే యాంప్స్ పెంచుకుని పని లాగిస్తుంది, ఆ పెరిగిన యాంప్సే వైండింగ్‌ని మాడుస్తాయి. 2 హెచ్‌పీ త్రీఫేజు ఏరేటర్ 415 వోల్టుల మీద 3.4 యాంప్స్ తీసుకుంటుందనుకుందాం. దాని వాట్లు 1.732 × 415 × 3.4 × 0.8, సుమారు 1950. 1.732 త్రీఫేజు లెక్కలో ఎప్పుడూ వచ్చే అంకె (మూడుకి వర్గమూలం). ఆ 0.8 పవర్ ఫ్యాక్టరు, అంటే లాగిన దాంట్లో నిజంగా వాట్లుగా లెక్కకొచ్చే వంతు. వైరు చుట్టూ పట్టి యాంప్స్ చూసే టాంగ్ టెస్టర్ దాన్ని చూపించదు, ఫుల్ లోడు మీద ఉన్న ఇలాంటి మోటారుకి ఉజ్జాయింపుగా వేసుకునే అంకె అది. 415ని 3.4తో భాగించి ఇదే వైండింగ్ రెసిస్టెన్స్ అనుకోవద్దు. మీటరు పెడితే వైండింగ్ కొద్ది ఓమ్స్ మాత్రమే చూపిస్తుంది. మోటారు తిరిగేటప్పుడు లోపల పుట్టే ఎదురు వోల్టేజీ యాంప్స్‌ని అదుపులో పెడుతుంది. చక్రానికి తాడు చుట్టుకుని ఆగిపోయిందా, యాంప్స్ ఐదారు రెట్లకు లేస్తాయి.

ఇక వైరు. నాలుగు ఏరేటర్లకు కలిపి 13.6 యాంప్స్, బోర్డు నుంచి 300 మీటర్లు, 4 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ కేబులు. ఈ సైజుకి 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 4.95 ఓమ్స్. రోహిణి కార్తెలో ఎండకు పడున్న నల్ల కేబులు 50 డిగ్రీలకు తేలిగ్గా చేరుతుంది, రాగి రెసిస్టెన్స్ అప్పుడు 12 శాతం దాకా పెరుగుతుంది. ఆ లెక్కన ఒక్కో ఫేజుకి 1.66 ఓమ్స్ రావాలి.

కొలవడం ఇలా. నాలుగూ తిరుగుతుండగా బోర్డు దగ్గర మూడు ఫేజుల (ఆర్ ఎరుపు, వై పసుపు, బి నీలం) మధ్య ఆర్-వై, వై-బి, బి-ఆర్ మూడు జతల వోల్టేజీ రాసుకోండి. వెంటనే అవతలి కొస జంక్షన్ బాక్సులో ఇంకొకరు అవే మూడూ చూడాలి. మధ్యలో టీ తాగి వస్తే లైను వోల్టేజీయే మారిపోతుంది. మోటార్లు ఆపి చూస్తే రెండు కొసల్లోనూ ఒకటే అంకె కనిపిస్తుంది. యాంప్స్ లేనప్పుడు వైరులో వోల్టేజీ పడేదేముంది? "మీటరు పెడితే 410 బాగానే ఉందే" అనే వాదనంతా ఇక్కడే పుడుతుంది. తడి గట్టు మీద చెప్పుల్లేకుండా, సాదా మీటరుతో ఈ పని చేయొద్దు. అది 415 వోల్టులు.

బోర్డు దగ్గర 410, కొసన 372 వచ్చిందనుకోండి. తేడా 38. దాన్ని 1.732 × 13.6 × 0.8, అంటే 18.84తో భాగిస్తే 2.02 ఓమ్స్. వైరుకి న్యాయంగా రావాల్సింది 1.66. మిగిలిన 0.36 జాయింట్లది. 13.6ని 13.6తో, ఆపైన 0.36తో గుణిస్తే 67 వాట్లు. ఒక్కో ఫేజులో, వేలెడంత టేపు చుట్ట కింద, సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. టేపు విప్పితే తీగ ఊదా నలుపులోకి తిరిగి, పక్కన పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. రాగికి అల్యూమినియం మెలేసి కట్టిన చోటైతే తెల్లటి పొడి రాలుతుంది. ఉప్పు తేమలో ఆ రెండు లోహాల జత బతకదు, దానికి ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గే వేయాలి. మూడు జతల్లో రెండింటిలోనే తేడా ఎక్కువుంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫేజులో జాయింటు పోయినట్టు.

జాయింట్లు బాగున్నా వైరు తినేది తక్కువేం కాదు. మూడు ఫేజులకు 920 వాట్లు, రోజుకి 12 గంటలు నడిస్తే 11 యూనిట్లు. అదే 10 స్క్వేర్ ఎంఎం వేస్తే 355 వాట్లకు దిగుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళకి నాలుగూ తిరుగుతుండాలి కాబట్టి, కేబులు డబ్బు మిగుల్చుకోవడం నాకైతే తెలివిగా అనిపించదు.

పాత జాయింటు తీసేసి, తీగ మెరిసేదాకా గీకి, లగ్గుని తీగ మీద నొక్కి బిగించి (క్రింపు చేసి), బాక్సు మూత కిందికి చూసేలా బిగించి, నాలుగు ఏరేటర్లూ వేసి మళ్లీ కొలవండి. తేడా 31 వోల్టుల దగ్గరకు రావాలి. రాలేదంటే ఇంకో జాయింటు ఎక్కడో దాక్కుని ఉంది, గట్టు వెంట నడవాల్సిందే.