ఇంట్లో చీజ్, క్రీమ్: సగం పని పాలు ఎంచుకోవడంలోనే

ఇంట్లో చేసిన చీజ్ పొడిపొడిగా వస్తే నిమ్మకాయను తిట్టుకుంటారు గానీ, తప్పు చాలావరకు పాలదో, మంటదో అయి ఉంటుంది.

లీటరు వెన్న తీయని పాలు కావాలి. నెలల తరబడి బయట నిలవుండే యూహెచ్‌టీ పాలు మాత్రం వద్దు. వాటిని 135 డిగ్రీల పైన వేడి చేసి ప్యాక్ చేస్తారు. విరుగుతాయి గానీ ముద్ద కట్టవు, సన్నటి నలుసులుగా గుడ్డలోంచి జారిపోతాయి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో, మధ్యస్థంగా మంట పెట్టి, కలుపుతూ 90 డిగ్రీల దాకా కాయండి. థర్మామీటర్ లేకపోతే అంచుల్లో నురగ లేచి పొంగబోతున్నప్పుడు స్టవ్ కట్టేయండి. రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి, మూడు విడతలుగా పోయాలి. ఒక్కో విడతకి గరిటెతో మెల్లగా రెండు తిప్పులు తిప్పి, అర నిమిషం ఆగాలి. గబగబా కలిపితే ముక్కలు చితికిపోతాయి. విరుగుడు నీళ్లు ఇంకా తెల్లగా ఉంటే ప్రొటీన్ వాటిలోనే మిగిలిందన్నమాట, ఇంకో చెంచా పోయండి. లేత పసుపురంగులో తేటపడ్డాయా, చేతిలో రసం ఎంత మిగిలినా ఆపేయండి. ఆపైన పోసేదంతా పులుపుకీ గట్టిదనానికీ తప్ప దేనికీ పనికిరాదు. ఒక్కో నిమ్మకాయ పులుపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, కొలత పక్కాగా కావాలనుకుంటే 5 శాతం వెనిగరే నయం.

పది నిమిషాలు కదపకుండా ఉంచి, పల్చటి నూలుగుడ్డలో వడకట్టండి. పైన చన్నీళ్లు పోస్తే పులుపు పోతుంది, లోపలి వేడికి ముద్ద ఇంకా బిగుసుకోకుండా ఉంటుంది. మూటను చేత్తో పిండొద్దు. నీళ్లతోపాటు కొవ్వు కూడా బయటికొచ్చి, చివరికి రబ్బరు ముక్క మిగులుతుంది. అరగంట వేలాడదీస్తే బ్రెడ్ మీద రాసుకునేంత మెత్తగా వస్తుంది. కిలో బరువు కింద గంటసేపు పెడితే ముక్కలు కోసుకోవచ్చు, అదే పనీర్. 150 నుంచి 200 గ్రాముల దాకా వస్తుంది. మెత్తగా ఉంచుకునేదానికైతే నీళ్లు కారాక అర టీస్పూను ఉప్పు కలపండి.

ఇది పిజ్జా మీద తీగలా సాగదు. పాల ప్రొటీన్లను పట్టి ఉంచే కాల్షియాన్ని పులుపు కరిగించి విరుగుడు నీళ్లలోకి లాగేస్తుంది. ఆ కాల్షియం తగుపాళ్లలో మిగిలితేనే చీజ్ వేడికి కరిగి సాగుతుంది. అందుకు పాలను గడ్డకట్టించే ఎంజైమ్ రెన్నెట్ కావాలి, అది వేరే పని.

ఇక క్రీమ్. హోమోజనైజ్డ్ అని రాసి ఉన్న ప్యాకెట్ పాలను ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా పైన క్రీమ్ తేలదు, ఎందుకంటే కొవ్వు బిందువులను ముందే పిండిపిండిగా చితగ్గొట్టేస్తారు. హోమోజనైజ్ చేయని చిక్కటి పాలైతే కాచి, చల్లార్చి, వెడల్పు గిన్నెలో పది పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, గిన్నె కదపకుండా పైపొరను గరిటెతో తీయండి. అందులో తరక ముక్కలుంటాయి, జల్లెడలో వడకట్టాలి.

అలాంటి పాలు దొరక్కపోతే 120 గ్రాముల ఉప్పులేని వెన్నను 150 మిల్లీలీటర్ల పాలలో వేసి, సన్నని సెగ మీద వెన్న కరిగేదాకా వేడి చేయండి, మరగనివ్వొద్దు. వేడిగా ఉండగానే మిక్సీలో రెండు మూడు నిమిషాలు తిప్పాలి. జార్ సగానికి మించి నింపొద్దు, మూతకి ఆవిరి పోయే దారి ఉండాలి, లేదంటే వేడి పాలు మొహం మీదకే చిమ్ముతాయి. చల్లారాక పైన పచ్చటి వెన్న పెచ్చు కట్టిందంటే తిప్పింది చాలలేదు. మళ్లీ గోరువెచ్చన చేసి తిప్పితే సరిపోతుంది. ఇందులో కొవ్వు 37 శాతం దాకా ఉంటుంది. సూపులకీ సాసులకీ బాగుంటుంది గానీ, కేకు మీదకి గిలక్కొట్టడానికి దీన్ని నమ్ముకోకండి. ఒకసారి నిలబడుతుంది, ఇంకోసారి నిలబడదు.

చీజ్, క్రీమ్ రెండూ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో వాడేయండి. చీజ్ ముక్కలను నీళ్లలో ముంచి ఉంచితే ఎండిపోవు, ఆ నీళ్లు రోజూ మార్చాలి.