మతి తప్పిన మనిషితో రాత్రిపూట ఆసుపత్రికి: నా అనుభవం

మా బావమరిదిని రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి నేరుగా మానసిక ఆసుపత్రికే పోయాం. "ఒళ్లు కాలుతోంది, ముందు జనరల్ ఆసుపత్రిలో చూపించుకుని రండి" అని తిప్పి పంపారు. అప్పుడు ఒళ్లు మండింది గానీ వాళ్లన్నదే సరి.

జ్వరం, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, తలకు దెబ్బ, వీటన్నిటిలోనూ మనిషి పిచ్చెక్కినట్టే ప్రవర్తిస్తాడు. పగలో రాత్రో చెప్పలేకపోయినా, కాసేపు తెలివిగా కాసేపు మగతగా ఉన్నా, లేని పురుగుల్ని ఒంటి మీంచి దులుపుకుంటున్నా ముందు పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకే వెళ్లాలి. అక్కడ షుగర్, బీపీ, జ్వరం, ఆక్సిజన్ చూసి రక్తం తీస్తారు.

తెలంగాణ పల్లెల్లో దీనికి తోడు కల్లు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి అది అందకపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, ఏదేదో మాట్లాడతాడు. సారా, బ్రాందీ మానేసినా అంతే, రెండు మూడు రోజులకు ముదురుతుంది. ఆఖరుసారి ఎప్పుడు తాగాడో డాక్టరుకు గంటలతో సహా చెప్పండి. పరువు పోతుందని ఇంటివాళ్లు దాచేది ఇదే. తాగేవాడని తెలిస్తేనే గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇస్తారు.

బాగా తిరగబడితే శాంతపరచడానికి మామూలుగా హాలోపెరిడాల్ 5 మి.గ్రా., ప్రోమెథజిన్ 25 లేదా 50 మి.గ్రా. కండకు సూది వేస్తారు. సూది వేసేటప్పుడు బోర్లా పడేసి వీపు మీద కూర్చోనివ్వకండి, ఊపిరాడదు. నిద్రపోయాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, శ్వాస చూస్తూ ఒకరు పక్కనే ఉండాలి.

రెండోసారి తెల్లారేసరికి మావాడి మెడ ఒక పక్కకు వంకర తిరిగింది, కళ్లు పైకప్పుకేసి నిలిచిపోయాయి, దవడ బిగుసుకుంది. మా అత్తయ్య దయ్యమనుకుంది. అది హాలోపెరిడాల్ వల్ల వచ్చేదే. నర్సుకు చెబితే మళ్లీ ప్రోమెథజిన్ వేశారు, అరగంటలో సర్దుకుంది. హాలోపెరిడాల్ పడలేదని చీటీ మీద రాయించుకున్నాం.

రాత్రిపూట ఆసుపత్రిలో "సైకియాట్రిస్టు లేరు, పొద్దున రండి" అంటారు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ప్రాణానికి ముప్పున్నప్పుడు, తనకో ఎదుటివాళ్లకో హాని చేసేలా ఉన్నప్పుడు రిజిస్టరైన డాక్టరు ఎవరైనా 72 గంటల దాకా చికిత్స చేయొచ్చు. కరెంటు షాక్ మాత్రం ఈ సెక్షన్ కింద కుదరదు. గొలుసులతో కట్టడం ఎప్పుడూ నేరమే.

తర్వాత ఎర్రగడ్డ గానీ, విశాఖ మానసిక ఆసుపత్రి గానీ. రోగి ఒప్పుకోకపోతే అదే చట్టం 89వ సెక్షన్ కింద రోగి తరఫు ప్రతినిధి సంతకంతో 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. మేజిస్ట్రేటు ఆర్డరు తెమ్మంటే అది పాత చట్టం నాటి అలవాటని మర్యాదగానే చెప్పండి. ఆధార్, పాత చీటీలు, ఖాళీ మందు స్ట్రిప్పులు వెంట ఉంచుకోండి. బయల్దేరే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మోతాదు, పూట అక్కడే సరిచూసుకోండి. మాకిచ్చినదాంట్లో రాత్రి మాత్ర రాయలేదు. బస్టాండు దాకా వచ్చి మళ్లీ వెళ్లి లైన్లో నిలబడ్డాం.