ఒక్క ఎలక్ట్రాన్ తీసేస్తే కదిలే యంత్రం

అణువులతో కట్టిన యంత్రాలు (మాలిక్యులర్ మెషీన్లు) అనగానే అందరూ బుల్లి రోబోలను ఊహించుకుంటారు గానీ, నాకు నచ్చింది అంతకంటే సాదాసీదాది. గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు వలయాలు, మధ్యలో ఒక రాగి అయాన్ (ఛార్జి ఉన్న రాగి పరమాణువు), అంతే. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త జాన్ పియేర్ సోవాజ్ బృందం 1994లో దీన్ని కరెంటుతో కదిలించి చూపించింది.

ఒక వలయంలో రాగిని పట్టుకునే చోట్లు రెండున్నాయి, ఒకచోట రెండు నైట్రోజన్లు, ఇంకోచోట మూడు. రెండో వలయం ఎప్పుడూ రెండే ఇస్తుంది. +1 ఛార్జి ఉన్న రాగికి చుట్టూ మొత్తం నాలుగు నైట్రోజన్లుంటే హాయి. ఎలక్ట్రోడ్ దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ లాగేశామా, అది +2 అవుతుంది, ఇక దానికి ఐదు కావాలి, దాంతో ఆ వలయం మెల్లగా తిరిగి మూడు నైట్రోజన్లున్న చోటును రాగి దగ్గరికి తెస్తుంది. ఎలక్ట్రాన్ తిరిగిచ్చేస్తే మళ్లీ పాత స్థితికి.

ఇందులో అసలు సుఖం ఏంటంటే, రసాయన ఇంధనం పోస్తే మిగిలే చెత్త ఇక్కడ ఉండదు, పైగా వలయం తిరిగిందో లేదో అదే ఎలక్ట్రోడ్‌తో కొలిచి తెలుసుకోవచ్చు.

2016లో ఇలాంటి అణు యంత్రాలకే సోవాజ్‌తో పాటు స్టోడార్ట్, ఫెరింగా అనే శాస్త్రవేత్తలకు రసాయన నోబెల్ వచ్చింది, సరే. కానీ నన్నడిగితే ఇది ఇంకా స్విచ్చే, మోటారు కాదు: వెళ్లేటప్పుడు చేసిన పనంతా వెనక్కి వచ్చేటప్పుడు చెరిగిపోతుంది.