రిహార్సల్లోంచి బయటికొచ్చిన బొమ్మ

ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో, థియేటర్ రాయల్ అనే నాటకశాల ముందున్న ‘మెసెంజర్’ కంచు శిల్పాన్ని మొత్తానికి చూశాను. 7 మీటర్ల ఎత్తు. దాని కాళ్ల మధ్య నుంచి జనం మామూలుగా నడిచి వెళ్లిపోతుంటే, నేను కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను.

షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ రిహార్సల్లో ఒక నటి చటుక్కున వంగి కూర్చున్న భంగిమ ఇది. శిల్పి జోసెఫ్ హిల్లియర్. మైనపు అచ్చుతో పోత పోయించి, 2019లో బార్జ్ మీద సముద్రం గుండా తెచ్చి నిలబెట్టారు. అప్పట్లో కొందరు ముఖం చిట్లించారు. నాకు మాత్రం తెగ నచ్చింది. రాజో, సేనాపతో కాదు మరి, ఇంకా ప్రాక్టీసులో ఉన్న నటి!

నా అసలు ఈర్ష్య మాత్రం అదే భవనంలోని డ్రమ్ అనే చిన్న హాలు మీద. కొత్త నాటకాలకి అదే అడ్డా. కొత్త రచయితకి పొగడ్తలకన్నా ముందు కావాల్సింది, తను రాసిన డైలాగ్‌ని నటుడి నోట వినడం. కాగితం మీద బ్రహ్మాండంగా ఉన్న వాక్యం అక్కడ నాలుక తిరక్క చతికిలబడుతుంది. ఆ టెన్షన్ పడటానికైనా ఒక స్టేజి దొరకాలి కదా! పెద్ద బొమ్మకి స్పాన్సర్లు దొరికినంత తేలిగ్గా మూడో డ్రాఫ్టుకి దొరకరు.

ఈసారి వెళ్తే డ్రమ్‌లో టికెట్ ముందే బుక్ చేసుకోవాలి.