బొలోన్యాలో మొదటి రోజు, ఒక మంచం గొడవ

ఇటలీ వీసా తేలిగ్గానే వచ్చింది. తోడు వచ్చేవాళ్ల గురించి ఫ్రెండ్ అని రాశాం, ఎవరూ మారు మాట్లాడలేదు. ఎయిర్‌పోర్టు నుంచి మోనోరైలు ఏడు నిమిషాల్లో స్టేషన్‌లో దింపేసింది. అసలు కథంతా హోటల్ కౌంటర్ దగ్గర.

నేనూ మావాడూ తొమ్మిదేళ్లుగా కలిసి ఉంటున్నాం. కొండాపూర్‌లో ఇంటి ఓనరు ఆంటీ లెక్కలో మాత్రం నేను వాడి పిన్ని కొడుకుని. ఒక్క వారమైనా ఈ నాటకం లేకుండా బతకాలని మావాడి కోరిక. అందుకే గది వాడే బుక్ చేశాడు.

ఇద్దరికి ఒకే మంచం ఉన్న గదిని ఇటలీలో 'మత్రిమోనియాలే' అంటారు. పెళ్లి మంచమన్నమాట. మా అమ్మ నా ఫోటో ఎక్కించి డబ్బు కట్టే సైట్లు గుర్తొచ్చి నవ్వుకున్నాం. తమాషా ఏంటంటే, ఆ దేశంలోనూ మాలాంటివాళ్లకి పెళ్లి లేదు, 2016 నుంచి సివిల్ యూనియన్ (పెళ్లి అనకుండా చట్టం గుర్తించే జోడీ బంధం) ఉంది, అంతే. మన దగ్గర సుప్రీంకోర్టువాళ్లు 2018లో నేరం కాదన్నారు, 2023లో పెళ్లి హక్కు మాత్రం మేం ఇవ్వలేమన్నారు.

మధ్యాహ్నం రెండింటికి చేరాం. కౌంటర్లో నడివయసాయన మా పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. (దిగినవాళ్ల వివరాలు పోలీసులకి పంపాలని అక్కడ చట్టం. పాస్‌పోర్టు ఎందుకివ్వాలని వాదనకి దిగకండి.) ఉన్నట్టుండి తలెత్తి, మా వెనక నిలబడ్డ ముసలి దంపతులకి కూడా వినబడేలా, "మత్రిమోనియాలే? వన్ బెడ్?" అని ఒక వేలు చూపించాడు. తర్వాత మా ఇద్దరినీ చూసి రెండో వేలు ఎత్తాడు. "బ్రదర్స్?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "యెస్ యెస్, కజిన్స్. టూ బెడ్స్ ప్లీజ్."

ఎవడు చెప్పమన్నాడు నన్ను? పద్నాలుగేళ్లుగా అమెరికా క్లయింట్లతో అర్ధరాత్రి కాల్స్‌లో నీళ్లు నమలకుండా మాట్లాడినవాణ్ణి. మా టీంలో ఎవరికి ఇబ్బందొచ్చినా నన్నే ముందుకి తోస్తారు. అలాంటిది, మళ్లీ జన్మలో కనబడని ఒక మనిషి వేలు చూపిస్తే, ఓనరు ఆంటీకి చెప్పే అబద్ధం ఏడు సముద్రాలు దాటి నా వెంట వచ్చేసింది. మావాడు ఒక్క మాట అనలేదు. పెన్ను తీసుకుని కార్డు మీద సంతకం పెట్టాడు. వాడి సంతకానికి చివర పొడుగాటి తోక ఉంటుంది, ఆ రోజు లేదు.

గదిలో రెండు మంచాలు, మధ్యలో స్టూలు, దాని మీద దీపం. వాడు కిటికీ పక్క మంచం మీద బూట్లయినా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కౌంటర్ ఆయన తప్పు లేదా అంటే, ఉంది. బుకింగ్‌లో ఉన్న గది తాళం చేతిలో పెట్టి ఊరుకోవడానికి ఆయనకేం నొప్పి? మొగుడూ పెళ్లాం వస్తే "అన్నాచెల్లెళ్లా?" అని అడుగుతాడా? కానీ ఆయన అడిగింది ఒక్క ముక్క. మిగతాదంతా నేనే పూరించాను.

నాలుగింటికి బయటికొచ్చాం, మాటల్లేకుండా. ఊరంతా పోర్టికోలే. ఇళ్ల ముందు కమానుల వసారాలు, అన్నీ కలిపితే 62 కిలోమీటర్లట, ఎండా వానా తగలవు. వంగిన గరిసెండా బురుజు చుట్టూ కంచె వేశారు, 2023 అక్టోబరు నుంచి పక్కనున్న పెద్ద బురుజు కూడా ఎక్కనివ్వడం లేదు. దాని కోసం ప్లాన్ వేసుకోకండి. మావాడు చూడాలనుకున్నది వేరు, పోర్తా సరగొత్స అనే పాత కోట గుమ్మం. 1982లో నగరపాలక సంస్థ దాన్ని గే, లెస్బియన్ సంఘానికి ఇచ్చింది. చర్చివాళ్లు మండిపడ్డారు, ఎందుకంటే కొండ మీది మేరీమాత గుడికి వెళ్లే 666 కమానుల దారి ఆ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. తర్వాత సంఘం వేరే చోటికి మారింది, గుమ్మంలో మేరీమాత మ్యూజియం పెట్టారు. దగ్గర్లో విల్లా కస్సరీని తోటలో నాజీ, ఫాసిస్టుల చేతిలో బలైన స్వలింగ సంపర్కుల గుర్తుగా గులాబీ రంగు త్రికోణపు రాయి ఉంది, 1990లో పెట్టారు. మావాడు దాని ముందు వంగి, పడ్డ ఎండుటాకులు రెండు తీసేశాడు. నాకు అక్కడ నిలబడ్డానికి మొహం చెల్లలేదు.

పెద్ద చౌకు పక్కన ఒక కమాను కింద వింత ఉంది. ఒక మూలలో గోడకి నోరు ఆనించి గుసగుసలాడితే ఎదురు మూలలో వినబడుతుంది. వాణ్ణి అక్కడ నిలబెట్టి ఇవతల నుంచి, "సారీ రా" అన్నాను.

కాసేపటికి గోడలోంచి వాడి గొంతు: "కౌంటర్ దగ్గర చెప్పాల్సింది గోడకి చెప్తావేంరా?"

వెళ్లాను. రాత్రి కౌంటర్లో కుర్రాడున్నాడు. గొంతు పెద్దది చేసి, "వి ఆర్ నాట్ కజిన్స్. మత్రిమోనియాలే ప్లీజ్" అన్నాను. వాడు ఆవలింత ఆపుకుంటూ పైకొచ్చి, స్టూలు పక్కకి జరిపి, రెండు మంచాల్నీ దగ్గరికి తోశాడు. కింద చక్రాలున్నాయి. పైన పెద్ద దుప్పటి ఒకటి పరిచాడు.

"ఇదే మత్రిమోనియాలే."

పరుపుల మధ్య సందు మాత్రం అలాగే ఉంది. తెల్లారేసరికి మావాడి ఫోను, నా కళ్లజోడు రెండూ అందులోనే దొరికాయి.