షికాగోలో ఇషామ్ జోన్స్ కోసం ఒక పూట

షికాగోలో అన్నయ్యావాళ్లింట్లో వారం రోజులున్నాను, అందులో ఒక పూటంతా ఇషామ్ జోన్స్ కోసం తిరిగాను. ఎవరాయన అని వదిన అడిగితే ఫోన్లో ఆయన కట్టిన పాట 'ఇట్ హాడ్ టు బీ యూ' వినిపించాను. "ఇదెక్కడో విన్నానే" అంది. ఎవర్నడిగినా అదే మాట.

ఒహాయోలో బొగ్గుగనుల ఊరు కోల్టన్‌లో 1894లో పుట్టి, మిషిగన్‌లోని సాగినాలో పెరిగి, అక్కడే మొదటి బ్యాండు పెట్టుకుని, 1915లో షికాగో చేరిన శాక్సఫోన్ వాద్యగాడు జోన్స్. 1920ల్లో ఆయన బ్యాండు వాయించిన కాలేజ్ ఇన్ అనే రెస్టారెంటు, షెర్మన్ హౌస్ హోటల్లో ఉండేది. ముందు అక్కడికే వెళ్లాను, క్లార్క్, రాండాల్ఫ్ వీధుల మూలకి. హోటల్ 1973లో మూతపడింది, తర్వాత కూల్చేసి ఆ చోట పెద్ద అద్దాల భవనం కట్టారు. ఇప్పుడు దాన్ని గూగుల్ కొనుక్కుంది, నేను వెళ్లేసరికి చుట్టూ కంచె, లోపల పనులు. హోటల్ గుర్తుగా ఏదైనా రాయో పలకో ఉంటుందేమోనని చుట్టూ తిరిగాను, నాకేమీ కనపడలేదు.

అక్కడే నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. 1924 ఒక్క ఏడాదిలోనే గస్ కాన్ మాటలకి ఈయన బాణీ కట్టిన పాటలు వరసగా హిట్టయ్యాయి. ముప్ఫయ్యో పుట్టినరోజుకి భార్య పియానో కొనిస్తే, దాని బాకీ ఎలా తీర్చాలన్న టెన్షన్‌లో రాత్రికి రాత్రే కూర్చుని కొన్ని కట్టాడని కథగా చెబుతారు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది ఆయన సొంత పాట కాదు, హోగీ కార్మైకేల్ 'స్టార్‌డస్ట్'. మొదట్లో హుషారుగా, వేగంగా వాయించే ఆ బాణీని జోన్స్ బ్యాండు 1930 రికార్డులో నిదానం చేసింది, అందులో విక్టర్ యంగ్ వయొలిన్ వింటుంటే పైన వంతెన మీద ఎల్ రైలు (షికాగో సిటీ రైలు) పోతున్న మోత కూడా వినపడలేదు. డాన్సుల కోసం వాయించే బ్యాండు ఇంత నెమ్మదిగా వాయించడానికి ఎంత ధైర్యం ఉండాలో!

తర్వాత రెడ్ లైన్ రైలెక్కి లారెన్స్ స్టేషన్‌లో దిగాను. జోన్స్ వాయించిన రెయిన్‌బో గార్డెన్స్ డాన్సు హాలు 2003లోనే పోయింది, ఆ చోట అపార్ట్‌మెంట్లు. ఆయన వాయించిన ఇంకో చోటు, గ్రీన్ మిల్ జాజ్ క్లబ్బు మాత్రం ఉంది, అప్పటి పెద్ద తోటలో మిగిలిన ముక్క ఇది. క్యాష్ మాత్రమే తీసుకుంటారని తెలిసీ మర్చిపోయి, ఏటీఎం వెతుక్కుంటూ వీధంతా తిరగడం నా తెలివి. లోపల అందరూ గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ కూర్చునేవాడని చెప్పే సీటు దగ్గర ఫొటోలు దిగుతున్నారు. జోన్స్ ఎక్కడ నిలబడి వాయించేవాడని అడిగినవాళ్లు లేరు. ఆ మాటకొస్తే మన ఊళ్లో పెళ్లి ఊరేగింపులో ముందు నడిచిన బ్యాండుమేళం వాళ్ల పేరు మనకెవరికి తెలుసు?

1936లో జోన్స్ తప్పుకుంటే, బ్యాండులోని కుర్రాళ్లు కొందరు, తమలో ఒకడైన వుడీ హెర్మన్‌తో కలిసి కొత్త బ్యాండు కట్టుకున్నారు. జోన్స్ 1956లో ఫ్లారిడాలో పోయాడు.

రాత్రి ఇంటికొచ్చేసరికి వదిన పప్పులో పోపు వేస్తూ పొద్దుటి బాణీనే కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి ఆపి, "ఏం జోన్స్ అన్నావూ?" అంది.