బంచ్ రైడింగ్ సాధన: ఆరో వారం

మోచెయ్యి మీద చెక్కు ఊడింది కాబట్టి, గుంపుగా దగ్గర దగ్గరగా సైకిల్ తొక్కే ఈ సాధన గురించి మళ్ళీ రాస్తున్నా.

మూడు వారాల కిందట అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద ఎనిమిదిమందిమి, గంటకు 34 కిలోమీటర్ల మీద ఉన్నాం. నా ముందు చక్రం, నాకు ముందు తొక్కుతున్న అన్న వెనక చక్రానికి పక్కగా జానెడు లోపలికి దూరి ఉంది. ఆయన గుంత తప్పించబోయి కాస్త ఎడమకు జరిగాడు. జర్రుమని చప్పుడు, నేను రోడ్డు మీద. ఆయన వెనక్కి తిరిగి చూసేదాకా తగిలిన సంగతే తెలీదట! ముందు చక్రం పోయినవాడికే హ్యాండిల్ చేతిలో ఉండదు మరి. తప్పు పూర్తిగా నాదే.

ఇంటికొస్తే అమ్మ పసుపు అద్దుతూ, "ఆ రోడ్డంతా నీకు చాల్లేదా, వాడి చక్రమే కావాల్సొచ్చిందా?" అంది. హెల్మెట్ లోపలి ఫోమ్ సన్నగా చీలింది, కొత్తది కొన్నా. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా 2003లో పారిస్-నీస్ పోటీలో కివిలెవ్ అనే రేసర్ పడి చనిపోయాకే యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) హెల్మెట్ తప్పనిసరి చేసింది. అది గుర్తొచ్చాక డబ్బు గురించి గొణగలేదు.

ఆ తర్వాత రోడ్డు మానేసి రెండు వారాలు గడ్డి మీదే. అన్నా నేనూ ఇద్దరమే, నడక వేగం, ఫ్లాట్ పెడల్స్ (బూటు బిగించనివి). మొదట భుజం భుజం ఆనించుకుని తొక్కడం, తర్వాత కావాలనే నా ముందు చక్రాన్ని ఆయన వెనక చక్రానికి రాయడం. తగలగానే ప్రాణం అవతలికి లాక్కోమంటుంది. అలా లాగినప్పుడల్లా పడ్డాను. తగిలిన వైపే కొద్దిగా ఆని, తొక్కడం ఆపి, మెల్లగా వెనక్కి జారాలి. పదకొండోసారికి కుదిరింది.

"చక్రం చూడకు తమ్ముడూ, నా భుజం మీదుగా ముందుకు చూడు," అంటాడు అన్న. మాట తేలికే, మెడ వినదు. బ్రేక్ బదులు కాస్త నిటారుగా లేచి గాలికి ఎదురొడ్డడం మాత్రం వంటబట్టింది. నేను గబుక్కున బ్రేక్ వేస్తే వెనకున్న నలుగురికీ ముప్పు.

సైకిల్ వైపు: నా 68 కిలోల బరువుకి, 28 ఎంఎం టైర్లలో 100 పీఎస్ఐ గాలి కొట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు 70, వెనక 75. మలుపులో పట్టు తేడా తెలుస్తోంది. పడ్డప్పుడు ఊడిన హ్యాండిల్ చివరి బిరడా మార్చాను. ఖాళీ గొట్టం తొడలో దిగుతుంది, నవ్వులాట కాదు.

నిన్న సాయంత్రం మళ్ళీ రోడ్డెక్కాం, నలుగురమే. పైరగాలి ఎడమ నుంచి. గాలి చాటు కావాలంటే ముందువాడికి కుడివైపు చేరాలి, అంటే రోడ్డు మధ్యకి. వెనక ఇసుక లారీ హారన్. చాటు వదిలేసి ఒంటి వరసలో గాలి తిన్నాం. నాకూ అన్న చక్రానికీ మధ్య ముప్పావు మీటరు. రేసుకి అది ఎక్కువే, ఈ నెలకి ఇంతే.